చెడగొట్టినాను అన్న మాటకు నేను చేసిన ఇంగ్లీషు

ఇప్పుడు ఆఫీసుల్లో చేరే పిల్లలకు తర్జుమా అంటే లెక్కే లేదు. తెలుగు మాట ఒకటి కనబడగానే దాని పక్కన ఇంగ్లీషు మాట ఒకటి పడేసి, సంతకం చేయించుకుని టీకి లేచిపోతారు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు లేదు. నేనూ అదే చేశాను. నేను పెట్టిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట వల్ల ఒక మనిషి పది నెలలు జైల్లో ఉన్నాడు, ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నా ఉద్యోగం మాత్రం ఖాయమైంది. నా సర్వీసులో చేసిన మంచి పనులు కూడా కొన్ని ఉన్నాయి కానీ, అవి మొదలుపెడితే మా ఇంట్లోవాళ్లే లేచి వెళ్లిపోతారు. కాబట్టి ఇది చెబుతాను.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఊళ్లకు మంచినీళ్లు పంపే ఒక ఆఫీసులో, మదనపల్లెలో, నేను టెంపరరీ టైపిస్టుని. ఆఫీసు పేరు వద్దు, మనుషుల పేర్లూ వద్దు. పుంగనూరు, కుప్పం మా కిందికే వచ్చేవి. ఆ ఊళ్ల నుంచి మేస్త్రీలు, పంపు ఆపరేటర్లు తెలుగులో రాసి పంపే కాగితాలను ఇంగ్లీషు చేసి పైకి పంపాలి. బి.ఏ.లో ఇంగ్లీషు చదివాను కదా అని ఆ పని నా నెత్తిన పెట్టారు. పెట్టినందుకు నేను పొంగిపోయాను కూడా. మూడు కార్బన్లు పెట్టి, కింద ‘నిజ తర్జుమా’ అని కొట్టి, పొట్టి సంతకం చేసేవాణ్ణి. ఆ సంతకాన్ని ఇంట్లో తెల్లకాగితం మీద సాధన చేసినవాణ్ణి నేను.

మా హెడ్ క్లర్కు ఒక విచిత్రమైన మనిషి. పంచె మీద కోటు వేసేవాడు. ఇంగ్లీషు మాట చెవిన పడితే దాని తాత ముత్తాతలెవరో చెప్పకుండా వదిలేవాడు కాదు. ఏ మాట లాటిన్ నుంచి వచ్చింది, ఏది ఫ్రెంచి నుంచి వచ్చింది అని పొద్దున్నే మొదలుపెట్టేవాడు. తక్కినవాళ్లు ఫైళ్లలో తలలు దూర్చేవాళ్లు. వినేవాణ్ణి నేనొక్కణ్ణే. టెంపరరీవాడికి వినక ఏం గతి? అయినా అబద్ధం ఎందుకు, నాకు ఆ కథలంటే ఇష్టంగానే ఉండేది.

ఒకరోజు ఇంగ్లీషు పేపర్లో ఒక మాట వేలితో పొడిచి చూపించాడు. ఆ రోజుల్లో పేపర్లలో ఆ మాట తరచుగా కనబడేది. రైలు పట్టా తప్పితే అది, ఫ్యాక్టరీలో మిషను ఆగితే అది.

"ఇది సూడప్పా. సాబొటాజ్. సాబొటేజ్ అన్నావంటే పరువు పోతాది, ఇది ఫ్రెంచోళ్ల మాట. ఆ దేశంలో కూలోళ్లు మన పావుకోళ్ల మాదిర కొయ్యబూట్లు ఏస్కుంటారు. వాటిని సాబో అంటారు. యంత్రాలొచ్చి కూలి పాయనే అని కడుపు మండి, కాళ్లకుండేటివి తీసి యంత్రాల్లోకి ఇసిరేసినారంట. పండ్లిరిగి యంత్రాలన్నీ ఆడాడే నిలిచిపాయ. అప్పట్నుంచి ఎవుడన్నా కావాలని పని సెడగొడితే దానికి ఇదే పేరు."

ఎంత బాగుంది కథ! సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోయేదాకా ఆ మాటను నోట్లో నానబెట్టుకున్నాను. కొత్త చొక్కా కుట్టించుకున్నవాడు పెళ్లెక్కడ జరుగుతుందా అని చూసినట్టు, ఆ మాట వాడే సందు ఎప్పుడు దొరుకుతుందా అని చూశాను. దొరికింది. వారం తిరగకముందే దొరికింది.

కుప్పంలో మా పంపు ఒకటి ఉండేది. దాని గురించి మీకు రెండు ముక్కలు తెలిస్తే చాలు. తిరిగే ఇరుసు పంపు లోపలికి పోయే చోట కొంచెం సందు ఉంటుంది. నీళ్లు బయటికి కారకుండా ఆ సందులో ఒక రకం తాడు చుట్టి బిగిస్తారు. తాడు అరిగితే నీళ్లు కారతాయి, ఊరి ట్యాంకుకు ఎక్కాల్సిన నీళ్లు నేలపాలవుతాయి. కొత్త తాడు మదనపల్లె స్టోర్ నుంచి పోవాలి. కుప్పం ఆపరేటరు ఆ తాడు కోసం మూడు ఉత్తరాలు రాయించి పంపాడు. మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అని జవాబు కొట్టింది నేనే. పరిశీలన అంటే నా బల్ల మీది ట్రేలో అట్టడుగున ఉండటం.

ఎండలు ముదిరాయి. కారడం ఎక్కువైంది. కుళాయిల దగ్గర ఆడవాళ్లు బిందెలతో పొద్దు పొడవకముందే నిలబడుతున్నారు. ఆపరేటరు చూసి చూసి, ఆ తాడుకు బదులు గోనెపురి తెచ్చి, ఆముదం, గ్రీజు పట్టించి, తానే విప్పి చుట్టి బిగించాడు. ఒక చుట్టు ఎక్కువేశాడు, బిగింపు ఎక్కువైంది. మర్నాడు పొద్దున మోటారు వేస్తే ఇరుసు వేడెక్కి పట్టేసింది, మోటారు కాలిపోయింది. పది రోజులు కుప్పంలో సగం ఊరికి నీళ్లు లేవు. ఆ పది రోజుల్లోనే పైనుంచి పెద్దవాళ్లు ఊరు చూడటానికి వచ్చారు. వాళ్ల కార్లకు ఖాళీ బిందెలు అడ్డం పెట్టారు ఆడవాళ్లు.

ఆ ఆపరేటరును ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. తానే మేస్త్రీ దగ్గరికి పోయి వాంగ్మూలం రాయించి, వేలిముద్ర వేశాడు. ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఈనాటికీ నాకు కంఠతా వస్తుంది.

"నీళ్లు కారతాంటే నేనే ఇప్పి తాడు సుట్టి బిగించినాను. మోటారు పట్టేసింది. పంపు నేనే సెడగొట్టినాను. ఊరికి నీళ్లు లేకుండా సేసినాను. ఇందులో ఇంకెవురి తప్పూ లేదు."

సెడగొట్టినాను. మన భాషలో ఈ మాటకు రెండు ముఖాలున్నాయి. చేతకాక పాడుచేసినా చెడగొట్టడమే, కావాలని పాడుచేసినా చెడగొట్టడమే. వంకాయ కూర మాడ్చిన కోడలూ చెడగొడుతుంది, పక్కవాడి మీద పగబట్టి చేనికి నీళ్లు తెంచినవాడూ చెడగొడతాడు. ఏది ఎప్పుడో వినేవాడికి తెలుస్తుంది. చదివేవాడికి తెలియాలంటే కొంచెం ఆలోచించాలి. నేను ఆలోచించలేదు. నాకు పెళ్లి దొరికింది, కొత్త చొక్కా తీశాను. ‘పంపును నేనే సాబొటాజ్ చేశాను’ అని ఇంగ్లీషులో కొట్టాను. కొట్టి, ఒకసారి పైకి చదువుకుని మురిసిపోయాను.

హెడ్ క్లర్కు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి నా వైపు చూశాడు. "భలే పడిందప్పా మాట" అన్నాడు. తీసుకెళ్లి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. ఇంజనీరు చదివి, ఎన్నడూ లేనిది ఆ పొద్దు నాకు టీ తెప్పించాడు.

ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. చేతకాక చెడగొట్టాడంటే, తాడెందుకు పంపలేదని మమ్మల్ని అడుగుతారు. మూడు ఉత్తరాలు బయటికొస్తాయి. కావాలని చెడగొట్టాడంటే తాడు గురించి అడిగే నాథుడు ఉండడు. నా ఒక్క మాటతో ఆఫీసు మొత్తం ఒడ్డున పడింది. ఇది నేను కావాలని చేయలేదు. చేతకాక చేశాను. కానీ ఆ తర్వాత చేసింది మాత్రం వేరే సంగతి.

కాగితం మదనపల్లె నుంచి చిత్తూరుకు పోయింది, అక్కడి నుంచి ఇంకా పైకి పోయింది. తెలుగు పేపర్లో కుప్పంలో విద్రోహ చర్య అని నాలుగు వరుసలు పడ్డాయి. నా ఇంగ్లీషును ఎవరో మళ్లీ తెలుగు చేశారన్నమాట. సెడగొట్టినాను అని బయల్దేరిన మాట విద్రోహం అయి తిరిగొచ్చింది. అది చదివి పేపరు మడిచేశాను. సరేలే, విచారణలో అన్నీ తేలతాయి అనుకున్నాను.

విచారణ పుంగనూరులో, ట్రావెలర్స్ బంగళాలో పెట్టారు. విచారణాధికారి ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు. మంచివాడే. తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకని దుబాసీగా నన్ను రమ్మన్నారు. ఫైళ్లతో హెడ్ క్లర్కూ వచ్చాడు. మదనపల్లె నుంచి ఇద్దరం బస్సులో పోయాం. దారిలో ఆయన ఎప్పటిలా ఏ మాట పుట్టుకా చెప్పలేదు. పుంగనూరు దగ్గరపడ్డాక ఒక్కటే అన్నాడు.

"నిన్ను కాయం చేసే కాగితం సంతకానికి పోయిండాది. తెల్సునా?"

"తెలుసు సార్."

"రాసింది రాసినట్ల ఉండనీ. అడిగిందానికి బదులు సెప్పు. జాస్తి మాట్లాడొద్దు."

ఆపరేటరును మొదటిసారి ఆ రోజే చూశాను. నలభై అయిదేళ్ల మనిషి, సన్నగా ఉన్నాడు. పొద్దున్నే కుప్పంలో బయల్దేరి పలమనేరులో బస్సు మారి వచ్చాడు. వరండాలో గోడకు ఆనకుండా నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చేతిలో ఉన్న పేపరు పొట్లం విప్పాడు. అందులో మాడి నల్లబడిన గోనెపురి ముక్క ఉంది.

"ఇది సూడండి సామీ. ఈడ సూడండి. నాలుగు సుట్లేయాల, నేను అయిదేసినాను. రోంత వదులుగా పెట్టింటే ఏమీ అయ్యుండదు. ఆయప్పకు ఇది సూపించి సెప్తారా? ఇంకెవురూ ఇట్ల సేయకుండా ఉంటారు."

తనను తాను కాపాడుకోవడానికి తెచ్చింది కాదది. ఎక్కడ తప్పు చేశాడో పనివాడిలా చూపించడానికి తెచ్చాడు. కానీ ఆ ముక్క ఆ బల్ల మీద పెట్టి ఉంటే చాలు, కళ్లున్నవాడెవడైనా ఇది చేతకాని పనేగాని పగ కాదని చెప్పేవాడు. నేను దాన్ని చూశాను. వెనక నిలబడిన హెడ్ క్లర్కు నన్ను చూశాడు.

"అది లోపల పెట్టుకోప్పా. ఆయన అడిగితే చూపిద్దాం" అన్నాను.

పాపం, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆయన అడుగుతాడని నమ్మాడు.

లోపల అధికారి నా తర్జుమా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మొదట నన్నే అడిగాడు, ఈ తర్జుమా సరిగ్గా ఉందా అని. ఉంది సార్ అన్నాను. మాట తడబడలేదు. దానికి నా మీద నాకు అసహ్యం. తర్వాత ఆపరేటరు వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు, పంపును సాబొటాజ్ చేశానని ఒప్పుకుంటున్నావా అని.

నేను తెలుగు చేయాలి. పిల్లలూ, ఇక్కడ కాస్త ఆగండి. నాకు అప్పుడు తెలుసు. వరండాలో ఆ గోనెపురి చూసినప్పుడే తెలిసిపోయింది. ‘కావాలని’ అన్న ఒక్క మాట కలిపి అడిగితే చాలు. కావాలని చెడగొట్టినావా అంటే ఆ మనిషి అదిరిపడేవాడు. అయ్యయ్యో లేదు సామీ అనేవాడు. అధికారి ఏమంటున్నాడని అడిగేవాడు. నేను చెప్పేవాణ్ణి. ఒక్క మాట, అంతే. దానికి ఇంగ్లీషు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు.

"పంపు చెడగొట్టింది నువ్వేనా?" అని అడిగాను.

"నేనే సామీ" అన్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఒప్పుకుంటున్నాడు సార్" అని ఇంగ్లీషులో చెప్పాను.

అధికారి ఆశ్చర్యపోయాడు. ఎవరైనా చేయించారా అని అడగమన్నాడు. అడిగాను. "ఎవురూ లేరు సామీ, నేనొక్కణ్ణే. నా బుద్ధికి తోసింది సేసినాను" అన్నాడు. అదీ ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేశాను. ఈసారి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంత నిజాయితీగా ఒక మనిషిని ముంచవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. అధికారి తల అడ్డంగా ఆడించి ఏదో రాసుకున్నాడు. ఇంకేమైనా చెప్పుకుంటాడా అని అడిగాడు. అది నేను అడగనే లేదు. ఏమీ లేదట సార్ అనేశాను. ఆపరేటరు చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని, ఇప్పుడు చూపించనా అన్నట్టు నా వైపు చూశాడు. నేను ఫైలు సర్దుకున్నాను.

నాలుగో రోజో అయిదో రోజో పోలీసులు కుప్పంలో ఆయన్ని తీసుకెళ్లారు. ఎమర్జెన్సీ కదా, కోర్టులూ వాయిదాలూ లేవు, ఎందుకు పట్టుకున్నారో చెప్పే పనీ లేదు. ఉద్యోగం తీసేసిన ఆర్డరు నేనే టైపు చేశాను. ఆ వారమే నా ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేను ముక్క తినలేదు, పంటి నొప్పి అని చెప్పాను.

ఎమర్జెన్సీ ఎత్తేశాక ఆయన్ని వదిలారని విన్నాను. ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. కుప్పం వదిలి, సోమల వైపు భార్య పుట్టింటి ఊరికి వెళ్లిపోయి గొర్రెలు మేపుకుంటున్నాడని మేస్త్రీ ఒకసారి చెప్పాడు. హెడ్ క్లర్కు రిటైరైన రోజు నాకు ధైర్యం వచ్చింది. దండ మెడలో ఉండగానే పక్కకు పిలిచి అడిగాను, ఆ మాట తప్పని మీకు ఆ రోజే తెలుసు కదా అని. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"నేను నీకు మాట నేర్పించినానప్పా. వాడింది నువ్వు" అన్నాడు.

నాకూ ఏళ్లు గడిచాయి. ఎనభైల నడుమ నేనే హెడ్ క్లర్కు కుర్చీలో కూర్చున్నాను. ఒక డ్రాఫ్టులో వేరే మాట మీద కొత్త ఇంజనీరుతో వాదన వచ్చి, తేల్చుకుందామని ఆదివారం పొద్దున మదనపల్లెలో ఒక కాలేజీ లైబ్రరీకి పోయాను. అక్కడ మోయలేనంత పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉంది, ప్రతి మాటకూ పుట్టుక రాసి ఉంటుంది. వచ్చిన పని చూసుకుని మూసేయాల్సింది. చేతులు ఊరుకోలేదు. ఎస్ అక్షరం తీశాను.

సాబో అంటే కొయ్యబూటు, నిజమే. సాబొతే అని దాని నుంచి ఒక క్రియ ఉందట. మొదట ఆ బూట్లతో టకటకమని చప్పుడు చేసుకుంటూ నడవడమట. దాని నుంచి పనిని మోటుగా, అడ్డదిడ్డంగా చేసి పాడుచేయడమని అర్థం వచ్చిందట. చేతకాని పనన్నమాట. సమ్మెలు చేసే కార్మికులు కావాలని పని పాడుచేయడానికి ఆ మాట వాడింది ఆ తర్వాత. ఇంగ్లీషువాళ్లు ఈ చివరి అర్థం ఒక్కటే ఎత్తుకుపోయారు, మొదటిది ఫ్రాన్సులోనే వదిలేశారు. బూట్లు విప్పి యంత్రాల్లోకి విసిరిన కథ ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

అంటే ఆ ఫ్రెంచి మాటకు కూడా మన చెడగొట్టడానికి ఉన్నట్టే రెండు ముఖాలున్నాయి. ఆ ఆపరేటరు చెప్పిన మాటకు సరైన జోడీ నేను పెట్టిన మాటే. కాకపోతే ఆ దేశంలో ఉండాలి, ఆ కాలంలో ఉండాలి. నవ్వొచ్చింది. లైబ్రరీలో ఒంటరిగా కూర్చుని నవ్వాను. నవ్వుతూనే కళ్లలో నీళ్లొచ్చాయి, లైబ్రేరియన్ వచ్చి ఏమైంది సార్ అని అడిగాడు.

ఆ ఆపరేటరుకు చెప్పాలి అనిపించింది. తప్పు నాదని చెప్పి, కాళ్ల మీద పడాలి అనిపించింది. ఇప్పుడు తిరిగి ఆలోచిస్తే అదంతా నా సుఖం కోసమే. అప్పుడు అది తోచలేదు. ఆ బుధవారం సెలవు పెట్టి పుంగనూరు మీదుగా సోమల పోయి, దారి అడుగుతూ ఆ ఊరు చేరాను.

ఇంటి ముందర ఆయన భార్య చెనక్కాయలు ఒలుస్తోంది. ఎవరో చెప్పుకున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి. ఆయన లోపలి నుంచి వచ్చాడు. జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరా సామీ! ఆ పొద్దు నా తట్టు ఇంగ్లీషులో మాట్లాడినోరు గదా. రండి రండి, యాల ఈడ ఎండలో నిలబడుండారు? ఒమ్మే, మజ్జిగ తే."

తన తరఫున మాట్లాడానట! మంచం మీద కూర్చోబెట్టాడు. నేను నోరు తెరిచేలోపల ఆయనే మొదలుపెట్టాడు.

"ఈ ఊర్లో మోటార్లు శానా వచ్చినాయి సామీ. సెడిపోతే నన్నే పిలుస్తారు. నేను ముట్టను. పని రానోడు ముట్టకూడదు. ఊరంతా నీళ్లకు అల్లాడిపాయ నా సేతులతో. శిచ్చ పడాల్సిందే, పడింది. నాకేమీ బాధ లేదు."

అప్పుడైనా మజ్జిగ తాగి లేచి రావాల్సింది. ఆయన భార్య గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. కొంచెంగా తల అడ్డంగా ఊపింది కూడా. నాకు అర్థం కాలేదు. చెప్పేశాను. మొత్తం చెప్పేశాను. మూడు ఉత్తరాలు నా ట్రేలో ఉన్నాయని, చెడగొట్టినాను అన్నదానికి నేనొక మాట పెట్టానని, చేతకాక పాడుచేశాడని రాయాల్సిన చోట కావాలని పాడుచేశాడని రాశానని, దానికే జైల్లో పెట్టారని చెప్పాను. ఫ్రెంచి సంగతి కూడా చెప్పాను, ఎంత మూర్ఖుణ్ణి! నీ మాట నిజానికి సరైనదే అని ఏదో వాగాను.

ఆయన ఫ్రెంచి సంగతి వినలేదు. ముందు మాట దగ్గరే ఆగిపోయాడు.

"కావాలనా?" అన్నాడు.

అవునని తల ఊపాను.

"ఊరికి నీళ్లు లేకుండా, కావాలని సేసినాననా? నా బిడ్డలు తాగే నీళ్లు గూడా ఆ కొళాయివే గదప్పా." భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

ఆమె కిందికి చూసింది. అంతటితో ఆయనకు తెలిసిపోయింది. కుప్పంలో జనం ఎందుకు మొహం తిప్పుకున్నారో, ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు ఇంటాయన ఎందుకు గడప కూడా దాటనివ్వలేదో, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి అర్థమవుతున్నాయని మొహంలో కనబడింది. పని రాక తప్పు చేశాను, శిక్ష అనుభవించాను అని ఇన్నేళ్లు తల ఎత్తుకుని బతికిన మనిషి అప్పుడు తల దించాడు.

"నన్నడిగింటే సెప్పేవాణ్ని గదప్పా" అన్నాడు. నన్ను సామీ అనడం మానేశాడు. "ఎదురుగా నిలబడుండాను. ఒక్క మాట అడిగింటే సెప్పేవాణ్ని గదా."

లేచి లోపలికి పోయాడు. నేను బయటికి వచ్చాను. ఆమె వీధి చివరి దాకా నా వెనకే వచ్చింది.

"పేపర్లో ఏసిందాన్ని ఎవురో సదివి సెప్పిరి నాకు. ఆయప్ప జైల్లో ఉండె. వచ్చినాక సెప్పకుండా దాసుకొంటిని. కుప్పంలో ఉంటే ఎవురన్నా సెప్పేస్తారని ఈడికి లాక్కొస్తిని. ఇన్నేండ్లూ ఆయప్ప నిద్రపోతాండె. నువ్వొచ్చి సెప్తివి. నీ బరువు దిగిందా? ఇంక నువ్వు పోయి నిద్రపో."

రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. ఎండ మండిపోతోంది. బస్సు రావడానికి కొంచెం ముందు ఆయన వచ్చాడు. ఉతికిన పంచె, చొక్కా, భుజం మీద తువ్వాలు. వెనక దూరంగా ఆమె నిలబడి ఉంది.

"యాడికి?" అన్నాను.

"కుప్పానికి. సెప్పొస్తాను."

"ఎవరికి?"

"ఎవురుంటే వాళ్లకు. కొళాయి కాడ ఉండే ఆడోళ్లకు సెప్తాను. కావాలని సెయ్యలేదని సెప్తాను."

ఇన్నేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది, ఎవరు వింటారు అని నచ్చజెప్పబోయాను. ఆయన నా మాట చెవిన వేసుకోలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

పుంగనూరులో దిగాం. పలమనేరు పోయే బస్సు ఒక పక్కన, మదనపల్లె బస్సు ఒక పక్కన నిలబడి ఉన్నాయి. ఆయన నా వైపు తిరిగాడు.

"మీరూ రాండప్పా. ఇంగ్లీషులో రాసింది మీరే గదా. నేను సెప్తే ఎవురు నమ్ముతారు? మీరు ఒక్క మాట సెప్తే నమ్ముతారు."

అడిగింది న్యాయమే. ఒక్క పూట పని. ఆ ఊళ్లో పదిమంది ముందర నిలబడి, ఈయన కాదు, నేను చెడగొట్టాను అని చెప్పాలి. మా పంపు దగ్గర ఇప్పుడున్న ఆపరేటరు వింటాడు, మేస్త్రీ వింటాడు, మర్నాటికల్లా మదనపల్లెలో అందరికీ తెలుస్తుంది. ఆ మూడు ఉత్తరాలు బయటికొస్తాయి.

"రేపు ఆఫీసుంది" అన్నాను.

ఆయన తల ఊపి, పోయి పలమనేరు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు మీద తువ్వాలు పరిచాడు, నేను వస్తానని ఇంకా అనుకున్నాడేమో. కండక్టరు విజిలు వేసే దాకా నా వైపే చూశాడు. నేను మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాను.